కొలువులోని పాత బొమ్మలు

బొమ్మ పుట్టినది ఆడుకొనుటకు. ఆడినకొలది అది అరుగును, చక్రము ఊడును, రంగు వెలియును. తుదకు విఱిగి పెరటి మూలను చేరును. తాతగారి నాటి భూమి దస్తావేజులు ఇంట నుండవచ్చును. ముత్తవ్వ కాసులపేరు ఉండవచ్చును. ఇత్తడి బిందెలును, రాగి చెంబులును తప్పక ఉండును. కాని ఆ తాతగారు అయిదేండ్ల ప్రాయమున దారము కట్టి యీడ్చుకొని తిరిగిన బొమ్మబండి మిగిలియున్న ఇండ్లు మిక్కిలి అరుదు. వేలకొలదిగా తయారైన బొమ్మలలో పిల్లల చేతులను తప్పించుకొని మిగిలినవి కొన్ని మాత్రమే. అందుచేతనే పాత బొమ్మలను వెదకి కూర్చువారు లోకమంతటను బయలుదేరిరి.

తపాలా బిళ్ళలను, నాణెములను సేకరించువారిని మీరెఱుగుదురు. బొమ్మలను సేకరించుటయు అట్టిదే. అన్ని విధముల బొమ్మలను కూర్చవలెనన్న ఇల్లు చాలదు గనుక, సేకరించువారు సాధారణముగా ఒక జాతి బొమ్మల నెన్నుకొందురు. కొందరికి రైలుబండ్లు, కొందరికి ఓడలు, కొందరికి సీసపు సిపాయిలు. ఐరోపా, అమెరికా ఖండములందు అగ్నిమాపక కేంద్రముల బొమ్మలను మాత్రమే కూర్చువారు సైతము కలరు. ఇది వినుటకు వింతగా తోచవచ్చును. మంటల నార్పు బండ్లు నిలుచు ఇంటిని బొమ్మగా చేయుట యేమి, దానిని ముప్పది నలువది రకములు కూర్చి అలమారలో పెట్టుకొనుట యేమి? అయినను అట్టి బొమ్మలను వరుసగా నిలిపి చూచినచో, ఒక నగరము తన్ను తాను అగ్ని బారినుండి కాపాడుకొనిన చరిత్ర యంతయు అందులో కనబడును.

పందొమ్మిదవ శతాబ్దము చివరి భాగమున అమెరికాలో ఐవ్స్ అను సంస్థ చేసిన అగ్నిమాపక కేంద్రపు బొమ్మ ప్రసిద్ధమైనది. దానిలో గడియారమునకువలె చుట్టలు తిరిగిన ఉక్కుతీగ యుండును. తాళము త్రిప్పి మీట వదలినంతనే గంట మ్రోగును, తలుపులు తెఱచుకొనును, లోపలినుండి గుఱ్ఱములు పూన్చిన బండి బయటికి దూకును. ఆ కాలపు నగరములలో నిజముగా జరిగినదియు అదియే. గుఱ్ఱములను బండి ప్రక్కనే కట్టియుంచి, గంట మ్రోగగానే పూన్చి పరుగెత్తించెడివారు. తరువాత మోటారు బండ్లు వచ్చినవి. బొమ్మలలోను గుఱ్ఱములు పోయి రబ్బరు చక్రముల బండ్లు చేరినవి. కేంద్రపు ఇంటికి ఒక ప్రక్క ఎత్తైన బురుజు ఉండును. దూరమున పొగ లేచుచున్నదేమో చూచుటకు అది పనికివచ్చెను. దానికి మఱియొక ప్రయోజనము కూడ కలదు. నూలుతోను నారతోను నేసిన నీటి గొట్టములు తడిసి ఆరకున్న కుళ్ళిపోవును గనుక, వానిని ఆ బురుజులో నిలువుగా వ్రేలాడదీసి ఆరబెట్టెడివారు. ఇక ఇంటి నడుమ పైఅంతస్తునుండి క్రిందికి దిగు నున్నని స్తంభము. మేడమెట్లు దిగునంతలో కాలము వ్యర్థమగునని, దాని మీదుగా జారి దిగు పద్ధతిని చికాగో నగరమున 1878వ సంవత్సరమున కనుగొనిరి. చిన్న బొమ్మలో సైతము ఈ స్తంభమును విడువక చేయుదురు.

వీనిలో నాకు మిక్కిలి ముచ్చట గొలుపునది కుక్క. తెల్లని మేనిపై నల్లని చుక్కలు గల ఆ జాతి కుక్కను అమెరికాలో చేసిన అనేకములైన అగ్నిమాపక బొమ్మలలో చూడవచ్చును. గుఱ్ఱపు బండ్ల కాలమున ఆ కుక్కలు గుఱ్ఱములకు ముందు పరుగెత్తి దారి చేసెడివి. గుఱ్ఱములు పోయి నూఱేండ్లు కావచ్చినను బొమ్మలోని కుక్క మాత్రము పోలేదు. నిజమైన వస్తువు మఱచిన దానిని బొమ్మ జ్ఞాపకము పెట్టుకొనుట ఇట్లుండును.

బొమ్మ యే కాలపుదో తెలిసికొనుటకు దాని పదార్థమును ముందు చూడవలెను. పాతవి కొయ్యవి, పోత ఇనుమువి. రేకు బొమ్మలును కలవు. జర్మనీ దేశమున నూరెంబర్గు పట్టణము వీనికి పుట్టినిల్లు వంటిది. చదునైన రేకు మీదనే కిటికీలు, ఇటుకలు, తలుపులు, మనుష్యులు అన్నియు రంగులతో అచ్చువేసి, పిమ్మట కత్తిరించి మడిచి, చిన్న చిన్న నాలుకలను రంధ్రములలో దూర్చి వంచి ఇల్లుగా నిలుపుదురు. అచ్చునకు తరువాతనే మడత గనుక, చిత్రించిన ఇటుకల వరుస మూల దగ్గర ఒక్కొకప్పుడు తప్పుట కలదు. అది బొమ్మకు అందమే తెచ్చును. అడుగు భాగమున దేశము పేరుండును. అమెరికా ప్రభుత్వము 1890వ సంవత్సరమున చేసిన సుంకముల చట్టము ప్రకారము ఆ దేశమునకు వచ్చు సరకులపై పుట్టిన దేశము పేరు ముద్రింపవలసి వచ్చెను. కావున అట్టి ముద్ర గల బొమ్మ చాల వరకు ఆ చట్టమునకు తరువాతిదని ఊహింపవచ్చును. రెండవ ప్రపంచ యుద్ధానంతరము జపాను పరుల ఆక్రమణలో నుండగా, అక్కడ చేసిన బొమ్మలపై 'ఆక్రమిత జపాను' అని ముద్రించిరి. 1952వ సంవత్సరమున ఆక్రమణ తొలగినది, ముద్రయు తొలగినది. ఒక రేకు ముక్కపై నాలుగు అక్షరములు ఒక జాతి పరాధీనతకు సాక్ష్యముగా నిలిచినవి!

ఆంగ్లదేశమున ఫ్రాంక్ హార్న్‌బీ స్థాపించిన మెకానో సంస్థ లివర్‌పూలులో డింకీ బొమ్మలను పోతపోసి అమ్మెను. అరచేతిలో పట్టు ఆ బండ్లకు ఇండ్లు కూడ కావలెనని పిల్లలు కోరుట సహజము. 1960వ దశకము మొదట ఆ సంస్థయే ప్లాస్టికుతో ఒక అగ్నిమాపక కేంద్రమును తయారుచేసి అమ్మెను. డింకీ అచ్చులు కొన్ని ఆ దశకము చివర మన దేశమునకు వచ్చి, కలకత్తాలో 'నిక్కీ' అను పేరుతో బండ్లుగా వెలువడినవి. మన దేశపు సేకర్తలు వీనిని ఆశతో వెదకుదురు.

పోతబొమ్మలకు ఒక విచిత్రమైన రోగము కలదు. వానిని యశదము ముఖ్యముగా గల మిశ్రలోహముతో చేయుదురు. కరిగించునప్పుడు అందులో ఏమాత్రము సీసము కలిసినను, ముప్పది నలువది ఏండ్లకు లోహము తనంత తానే ఉబ్బి, నెఱ్ఱెలువాఱి, పొడియై రాలిపోవును. బొమ్మను ఎవ్వరును తాకనక్కరలేదు. పెట్టెలో భద్రముగా ఉన్నను రాలును. దీనికి మందు లేదు. చేసిననాడు పనివాడు చూపిన అజాగ్రత్త అతని మనుమల కాలమున బయటపడును.

అగ్నిమాపక కేంద్రమును బొమ్మగా చేసి పిల్లలకిచ్చుటకు ఆ దేశములలో ఒక కారణము కలదు. ఎఱ్ఱని బండి గంట మ్రోగించుకొనుచు వీధివెంట పోవుటను అక్కడి పిల్లవాడు దినదినము చూచెడివాడు. మన ప్రాంతమున అట్లు కాదు. మద్రాసు నగరమున అగ్నిమాపక దళము 1908వ సంవత్సరమున ఏర్పడినది. శ్రీకాకుళము, విజయనగరము అప్పుడు ఆ రాష్ట్రములోనివే అయినను, ఆ నగరమునకు ఎంతో దూరమున నున్న పల్లెలకు దానివలన ఒరిగిన దేమియు లేదు. శ్రీకాకుళము జిల్లా ఏర్పడినది 1950వ సంవత్సరమున. విజయనగరము జిల్లా ఏర్పడినది 1979వ సంవత్సరమున. నేడు 101 అను సంఖ్యకు ఫోను చేసినచో బండి వచ్చును. ప్రతి సంవత్సరము ఏప్రిల్ 14వ తేదీన దేశమంతటను అగ్నిమాపక దినము జరుపుదురు. 1944వ సంవత్సరమున ఆ దినమున బొంబాయి రేవులో ప్రేలుడు పదార్థములతో నిండిన ఓడ బ్రద్దలై, మంటలతో పోరాడుచున్న అగ్నిమాపక భటులు పలువురు ప్రాణములు కోల్పోయిరి. వారి స్మృత్యర్థమే ఆ దినము.

అట్లని మన పల్లెలకు అగ్నిభయము తెలియదని కాదు. సముద్రతీరము వెంబడి గుండ్రని చుట్టిండ్లు ఉండెడివి. అచ్చటచ్చట నేటికిని కలవు. మట్టిగోడ, దానిపై తాటాకుతోనో గడ్డితోనో శంఖువువలె కప్పిన కప్పు, నేలను తాకునంత క్రిందికి దిగిన చూరు. తుపాను గాలి ఆ గుండ్రని ఇంటి చుట్టును జారిపోవును గాని దానిని పట్టి పెకలింపలేదు. గాలికి అంత చక్కగా తట్టుకొను ఇల్లే నిప్పునకు తట్టుకొనలేదు. వేసవిలో ఆకు ఎండి పెళపెళలాడుచుండగా, ఒక పొయ్యినుండి లేచిన రవ్వ చూరున పడిన చాలును; గాలివాలున ఒక ఇంటినుండి మఱియొక ఇంటికి ప్రాకి వాడ యంతయు బూడిద యగును. ఊరివారందఱును బావినుండి కుండలతో నీరు తెచ్చుటయు, మట్టి చల్లుటయు, అంటుకొనని ఇండ్ల పైకప్పులను ముందుగానే లాగివేసి మంటకు దారి లేకుండ చేయుటయు, ఇదియే అప్పటి అగ్నిమాపక దళము. దానికి ప్రత్యేకమైన ఇల్లు లేదు, గంట లేదు, ఎఱ్ఱబండి లేదు. రూపము లేనిదానికి బొమ్మ ఎట్లు పుట్టును?

మన పిల్లల బొమ్మలలో నిప్పు లేకపోలేదు. అది పొయ్యిలో నున్నది. లక్కపిడతలను మీలో చాలమంది చూచియుందురు. బొటనవ్రేలంత పొయ్యి, దానిపై పెట్టుటకు గిన్నె, కుండ, మూత, తిరుగలి, రోలు, రోకలి. ఎఱుపు, పసుపు, ఆకుపచ్చ వన్నెలతో మెఱయుచు ఒక చిన్న బుట్టలో నిమిడియుండును. బియ్యమునకు బదులు ఇసుకతో అన్నము వండి, ఆకులపై వడ్డించి, తోడివారిని విందునకు పిలుచుట మన ఆట. ఇంటిలో అమ్మ నిప్పుతో జాగ్రత్తగా మెలగుట చూచి పిల్లలు దానిని ఆటలో అనుకరింతురు. నగరపు పిల్లవానికి నిప్పు ఆర్పువాడు నాయకుడైనట్లు, పల్లె పిల్లకు నిప్పును అదుపులో నుంచి వండు తల్లి నాయిక యయ్యెను.

పాత బొమ్మలను కూర్చుట పాశ్చాత్యులు నేర్పిన విద్య యని తలచువారు బొమ్మల కొలువును మఱచుచున్నారు. ఆంధ్రదేశమున కొందరు దసరాకును, కొందరు సంక్రాంతికిని కొలువు తీర్చుదురు. మూడో, అయిదో, ఏడో, తొమ్మిదో మెట్లు కట్టి, వానిపై తెల్లని వస్త్రము పఱచి, దేవతామూర్తులను పై మెట్లపైనను, మనుష్యులను, జంతువులను, పండ్లను క్రింది మెట్లపైనను నిలుపుదురు. అట్టడుగున ఇసుకతో ఊరు వెలయును. ఆవాలో మెంతులో చల్లి మొలిపించిన పైరు, అద్దపు ముక్కతో చెఱువు, ఎడ్లబండి, కోమటి అంగడి, నేడు రైలుబండియు, మోటారుకారును. సాయంకాలమున పేరంటాండ్రు వచ్చి చూచి, శనగలు తాంబూలము పుచ్చుకొని పోవుదురు. పండుగ ముగిసిన పిమ్మట ప్రతి బొమ్మను పాతగుడ్డలో చుట్టి పెట్టెలో దాచుదురు. ఏటేట క్రొత్త బొమ్మ ఒకటియైనను చేర్పవలెనని ఆచారము.

ఈ ఆచారములో సేకరణకు కావలసిన నియమములన్నియు ఉన్నవి. ఏటి కొకటి చేరుటచే బొమ్మల వరుస కాలక్రమమును చూపును. ఏడాదిలో కొలది దినములే బయట నుండుటచే అవి చెడవు. గుడ్డలో చుట్టుటచే ఒరయవు. తల్లి చేతినుండి కూతురి చేతికో కోడలి చేతికో పోవుటచే ఇంటిలోనే నిలుచును. ముత్తవ్వ కొనిన మట్టి వేంకటేశ్వరుడు, అవ్వ కొనిన పింగాణి చిలుక, అమ్మ చిన్ననాటి రేకు మోటారు, మీరు నిన్న తెచ్చిన ప్లాస్టికు విమానము ఒకే మెట్టుపై నిలిచినవనుకొనుడు. అంతటి ప్రదర్శనశాల అలమారలో తాళము పెట్టుకొను ధనికునకు దొరకదని నా అభిప్రాయము. ఒక లోపము మాత్రము కలదు. కొలువులోని బొమ్మ కథ అవ్వ నోటనే యున్నది, కాగితముపై లేదు.

మన ఉత్తరాంధ్రపు కొలువులలో తప్పక కనబడునవి ఏటికొప్పాక బొమ్మలు. ఏటికొప్పాక వరాహనది ఒడ్డున నున్న గ్రామము. పూర్వము విశాఖపట్టణము జిల్లాలోనిది. 2022వ సంవత్సరమునుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. ఇక్కడి పనివారు అంకుడు కఱ్ఱను వాడుదురు. అది తెల్లగా, మెత్తగా, పీచు లేక యుండును. ఎండిన కొమ్మ ముక్కను తిరుగుడు యంత్రమున బిగించి త్రిప్పుచు, ఉలితో చెక్కి గుండ్రని రూపములు తీయుదురు. పూర్వము ఒకరు త్రాడు లాగుచుండగా మఱియొకరు ఉలి పట్టెడివారు. ఇప్పుడు విద్యుత్తు త్రిప్పుచున్నది. అందుచేత ఈ బొమ్మలలో గుండ్రదనము ప్రధానము. రాజును చేసినను రైలును చేసినను, బుడిపెలు, బిళ్ళలు, గొట్టములు కూర్చినట్లే యుండును.

రంగు వేయు పద్ధతి మఱింత చిత్రమైనది. కుసుమ, మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలపై లక్కపురుగులు గుంపులుగా చేరి, రసము పీల్చి, తమ చుట్టును బంకను స్రవించును. అదియే లక్క. దానిని శుద్ధిచేసి రంగు కలిపి కడ్డీగా చేసి, తిరుగుచున్న కొయ్యకు ఒత్తి పట్టుకొందురు. రాపిడివలన పుట్టిన వేడికి లక్క కరగి కొయ్యపై పలుచగా పఱచుకొనును. కుంచె అక్కరలేదు, ఆరబెట్టుట అక్కరలేదు. పిమ్మట ఎండిన మొగలి ఆకుతో ఒత్తి రుద్దగా అద్దమువంటి మెఱుగు వచ్చును. పసుపు కొమ్మునుండి పచ్చని వన్నె, నీలిమందునుండి నీలము, జాఫరా గింజలనుండి నారింజవన్నె, పచ్చ నీలములు కలిపిన ఆకుపచ్చ. ఇట్లు చెట్టుచేమలనుండియే రంగులు తీయుదురు.

నడుమ ఒక కాలమున చవుకగా దొరకు రసాయనపు రంగులు వచ్చి ఈ పద్ధతిని త్రోసివేసినవి. బొమ్మను నోట పెట్టుకొనని పసిబిడ్డ యుండునా? కొన్ని రసాయనపు రంగులలో సీసము వంటి విషములుండును. ఆ గ్రామమునకే చెందిన సి. వి. రాజుగారు పాత రంగులను తిరిగి పరిశోధించి, క్రొత్తవి కనిపెట్టి, పనివారిచే వాడించిరి. అందులకై 2023వ సంవత్సరమున ఆయనకు పద్మశ్రీ బిరుదము లభించినది. ఏటికొప్పాక బొమ్మలకు 2017వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు వచ్చినది. అనగా ఆ పేరుతో మఱియొక చోట చేసిన బొమ్మలను అమ్మరాదు. 2025వ సంవత్సరపు గణతంత్ర దినోత్సవమున ఢిల్లీ వీథిలో ఆంధ్రప్రదేశ్ శకటముపై ఈ బొమ్మలే ఊరేగినవి. గౌరవములు ఇన్ని వచ్చినను అంకుడు కఱ్ఱ దొరకుట మాత్రము కష్టమైనది. నఱికినంత వేగముగా చెట్టు పెరుగదు. చెట్టు నాటినగాని బొమ్మ లేదు.

బొబ్బిలి వీణ మఱియొక రకపు ఉదాహరణము. విజయనగరము జిల్లాలో బొబ్బిలికి చేరువ నున్న గొల్లపల్లి గ్రామమున పనసకఱ్ఱతో వీణలు చేయుదురు. కుండ, దండి, మెడ అన్నియు ఒకే మానునుండి తొలిచిన ఏకాండివీణకు ప్రసిద్ధి. అదే చేతులు జానెడు వీణలను కూడ చేయును. వానిపై రాగము పలుకదు. బహుమానముగా ఇచ్చుటకును, గూటిలో పెట్టుకొనుటకును ఉద్దేశించినవి. కాని అసలు వీణ కొలతలలో పెద్దవానికిని పిల్లదానికిని గల పోలికను పరిశీలించినచో, దానిని చేసినవానికి పెద్ద వీణ చేయుట తెలియునా, లేక పటము చూచి చెక్కెనా యన్నది తెలిసిపోవును.

వీని సరసన కృష్ణాతీరపు కొండపల్లి బొమ్మను నిలిపి చూడుడు. అది తెల్లపొణికి కఱ్ఱతో చెక్కినది. చేతులు, కాళ్ళు, తలపాగా వేఱువేఱుగా చెక్కి, చింతగింజల పిండియు ఱంపపుపొడియు కలిపిన మక్కుతో అతుకుదురు. తిరుగుడు యంత్రపు గుండ్రని గీతలు అడుగున కనబడిన ఏటికొప్పాక. ఉలి చెక్కిన పలకలును, మక్కు అతుకును కనబడిన కొండపల్లి. పెట్టెలో పేరు తెలియని బొమ్మ దొరికినప్పుడు ఈ ఒక్క గుర్తు చాల మేలు చేయును.

జాతర బొమ్మలను గూర్చి ఒక్క మాట. విజయనగరమున విజయదశమి తరువాతి మంగళవారమున పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవము జరుగును. అరసవల్లిలో రథసప్తమినాడు జనము క్రిక్కిఱియును. ఇట్టి తిరునాళ్ళలో చవుక బొమ్మల దుకాణములు వెలయును. ఒకనాడు తిరునాళ్ళలో అమ్ముడుపోయిన రేకు పడవను పెద్దలెఱుగుదురు. చిన్న దీపము వెలిగించి లోపల పెట్టి నీటి తొట్టిలో వదలినచో టపటప మనుచు తిరుగును. దీపపు వేడికి లోపలి నీరు ఆవిరియై గొట్టములలోని నీటిని వెనుకకు తన్నును. ఆవిరి చల్లబడగానే బయటి నీరు మరల లోనికి వచ్చును. తన్నునప్పుడు నీరు ఒకే దిక్కునకు చిమ్మును. పీల్చునప్పుడు అన్ని వైపులనుండి వచ్చును. కావున పడవ ముందునకే సాగును. ఆంగ్లదేశమున 1891వ సంవత్సరమున దీనికి హక్కుపత్రము పొందిరి. ఇంత శాస్త్రము గల బొమ్మ తుప్పు పట్టి పారవేయబడినది; తిరునాళ్ళలో కొనిన వస్తువును దాచదగినదని ఎవరును తలపలేదు. నేడు మనకు మిక్కిలి కొఱవడినవి ఈ చవుక బొమ్మలే.

ఇక పాత బొమ్మను కాపాడు పద్ధతి. మొదటి నియమము: దానికి క్రొత్త రంగు పూయరాదు. మెఱుగు తగ్గినదని ఎనామిలు రంగు పూసినచో బొమ్మ క్రొత్తదగును, పాతది నశించును. రేకు బొమ్మను నీటితో కడుగరాదు. అచ్చురంగు లేచిపోవును, తుప్పు ప్రవేశించును. మెత్తని కుంచెతో దుమ్ము దులిపిన చాలును. సముద్రపు గాలిలో ఉప్పు, తేమ హెచ్చు గనుక, భీమునిపట్టణము మొదలు ఇచ్ఛాపురము వఱకు తీరమున నున్న ఇండ్లలో రేకు బొమ్మలను పొడిగుడ్డలో చుట్టి మూతగల పెట్టెలో నుంచుట మేలు. లక్కబొమ్మను ఎండకును, పొయ్యి ప్రక్కనున్న గూటికిని దూరముగా నుంచవలెను. వేడివలన అంటిన లక్క వేడివలననే మెత్తబడి పొక్కును. కొయ్యబొమ్మలకు పురుగు పట్టకుండ ఎండిన వేపాకు వేయుట పాత పద్ధతి; ఏటేట తీసి చూచుట దానికంటె మంచిది. కొలువు పెట్టు ఇండ్లలో ఇది ఎట్లును జరుగును. పాత రంగులలో సీసముండవచ్చును గావున, అట్టి బొమ్మలను చిన్నపిల్లల కీయరాదు. తాకిన పిమ్మట చేతులు కడుగుకొనవలెను.

పాతవానికి వెల పెరుగగానే దొంగపాతవి పుట్టుట లోకసహజము. పోత ఇనుప బండ్లను, రేకు బొమ్మలను ఇప్పుడు చేసి, తుప్పు పట్టించి, పాతవని అమ్ముదురు. వానిని పట్టుకొనుటకు మరచీలలను చూడవలెను. తలపై ఒకే గీత గల మరచీల చాల పాతది; కూడికగుర్తు వంటి గాడి గల మరచీల 1930వ దశకమున గాని వాడుకలోనికి రాలేదు. గుఱ్ఱపుబండి కాలపు బొమ్మలో కూడికగుర్తు మరచీల యున్నచో, ఆ మరచీలయైన మార్చబడియుండవలెను, లేదా బొమ్మయే మోసమై యుండవలెను. అరుగుదలను గూడ చూడవలెను. పిల్లలు పట్టుకొను చోటనే రంగు పోవును. ఎవరును ముట్టని మూలలలో రంగు పోయి, చేయి పడు చోట మెఱయుచున్నచో అనుమానింపుడు.

అన్నిటికంటె ముఖ్యమైన పని వ్రాత. విదేశములలో ఒక చిన్న రేకు అగ్నిమాపక కేంద్రమునకు సైతము ఏ సంస్థ చేసినది, ఏ యేట, ఎన్ని రంగులలో అను వివరములతో గ్రంథములున్నవి. మన లక్కపిడతలకు, కొలువు బొమ్మలకు అట్టి వివరము ఇండ్లలో లేదు. కారణము తేలికైనది: చేసినవారి పేరు బొమ్మ మీద వ్రాయు అలవాటు మనకు లేదు, కొనినవారు జ్ఞాపకము మీద ఆధారపడిరి. ఇప్పుడు ఆ జ్ఞాపకము గలవారు ఎనుబదియేండ్ల వృద్ధులు. వారు పోయిన పిమ్మట భోషాణము తెఱచిన మనుమలకు అందులోని బొమ్మ, వట్టి కొయ్యముక్క. పాతసామానులవాడు తూకము వేసి తీసికొనిపోవును. ఇట్లు పోయిన పెట్టెలు మన జిల్లాలలో ఎన్నియో లెక్క లేదు.

ఈ పనికి ధనము అక్కరలేదు. ఒక నోటుపుస్తకము చాలును. రాబోవు సంక్రాంతికో దసరాకో ఇంట కొలువు తీర్చునప్పుడు, లేదా ఇరుగుపొరుగున పేరంటమునకు పోయినప్పుడు, ఒక్కొక్క బొమ్మను గూర్చి పెద్దలను అడిగి వ్రాసికొనుడు. ఎవరు కొనిరి? ఏ యూరిలో, ఏ జాతరలో? ఏ సంవత్సరము? సంవత్సరము జ్ఞాపకము లేకున్న, మామ్మగారి పెండ్లికి ముందా తరువాతనా, పెద్ద తుపానునకు ముందా తరువాతనా? వెల యెంత? దేనితో చేసినది? ఎవరు ఆడుకొనిరి? ఎప్పుడు విఱిగినది, ఎవరు అతికిరి? పెద్దలు చెప్పిన మాటను చెప్పినట్లే వ్రాయుడు. శ్రీకాకుళపు యాసలో చెప్పినచో ఆ యాసలోనే వ్రాయుడు, దిద్దవలదు. బొమ్మకు ఒక సంఖ్య నిచ్చి, దానిని బొమ్మపై సిరాతో వ్రాయక, చిన్న కాగితముపై వ్రాసి నూలుదారముతో కట్టుడు. రెండు ప్రక్కలనుండి ఒక్కొక్క ఛాయాచిత్రము, అడుగునుండి ఒకటి తీయించుడు. అడుగు భాగమే చాల సంగతులు చెప్పును.

విఱిగిన బొమ్మను పారవేయరాదు. లక్కబండికి ఒక చక్రము లేదనుకొనుడు. ఏటికొప్పాకలో కొలతకు తగిన చక్రమును త్రిప్పి యీయగలవారు నేటికిని కలరు. అట్లు చేయించినచో, ఆ చక్రము లోపలి వైపున, ఎవరికిని కనబడనిచోట, చేయించిన సంవత్సరమును సన్నని సూదితో గీయించుడు. మూడు పాత చక్రములును, ఒక క్రొత్త చక్రమును అను సంగతి నోటుపుస్తకములో ఆ బొమ్మ సంఖ్య కెదురుగా చేర్చుడు.